స్వీడిష్ సినిమా ‘విట్ట్రా’ మన ‘ఈవిల్ డెడ్’కి కాపీయేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2012 నాటి స్వీడిష్ హారర్ సినిమా ‘విట్ట్రా’ చూశారు, బయటి దేశాల్లో దాన్ని ‘విదర్’ అనే పేరుతో విడుదల చేశారు. సగానికి వచ్చేసరికి ఇది మక్కీకి మక్కీ ‘ఈవిల్ డెడ్’ కదా అనిపించింది. అడవి, ఖాళీ ఇల్లు, కుర్రకారు, నేలమాళిగ తలుపు, ఒకరి తర్వాత ఒకరు మారిపోవడం, అన్నీ అవే. దీన్ని కాపీ అనాలా, అభిమానంతో చేసిన అనుకరణ అనాలా అని అడిగారు. చివర్లో అసలు విషయం చెప్పారు. మీరూ మీ స్నేహితులూ ఒక షార్ట్ ఫిల్మ్ తీయబోతున్నారు, అందులోనూ అడవిలో ఇల్లు, కింద సెల్లార్ ఉన్నాయి, జనం కాపీ అంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో ఎడిటింగ్ రూముల్లోనే బతుకుతున్నాను. నా చేతి మీదుగా వెళ్లిన హారర్ సినిమాలు ఏడెనిమిది ఉంటాయి. ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని, ఆపి ఆపి చూసినవాణ్ణి కాబట్టి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

సూటిగా చెప్తాను. అవును, ఎత్తేశారు. కథ నడక, ఇంటి అమరిక, ముందు ఒక అమ్మాయికి అంటుకోవడం, మిగిలినవాళ్లు నమ్మలేక తాత్సారం చేయడం, చివరికి ప్రాణంగా చూసుకున్న మనిషి మీదే ఆయుధం ఎత్తాల్సి రావడం, ఈ ఎముకల గూడు మొత్తం సామ్ రైమీ అమెరికాలో తీసిన 1981 నాటి ‘ఈవిల్ డెడ్’దే. దర్శకులు సోనీ లగూనా, టామీ విక్లుండ్ ఇద్దరికీ ఆ సినిమా అంటే ఎంత ఇష్టమో దాచుకోవాలని కూడా చూడలేదు. అలాగని కాపీ అని ముద్ర కొట్టి పక్కన పడేసే సినిమా కాదిది. నా అభ్యంతరం వేరే చోట ఉంది. వాళ్లు సామ్ రైమీ ఇంటిని తెచ్చుకున్నారు. ఆ ఇంటి కింద తమ సొంత గడ్డ మీది దయ్యాన్ని కూర్చోబెట్టారు. తీరా ఆ దయ్యానికి చెయ్యడానికి పనేమీ ఇవ్వలేదు.

ఇది వివరంగా చెప్పాలంటే ముందు ‘ఈవిల్ డెడ్’లో ఒక చిన్న ముక్క చూడాలి.

ఐదుగురు యువతీయువకులు కాటేజీ దగ్గర కారు దిగే సీన్ గుర్తు తెచ్చుకోండి. వరండాలో గొలుసులకు వేలాడుతున్న ఉయ్యాల బల్ల ఒకటుంది. దాని మీద ఎవరూ లేరు. అయినా అది ఊగుతూ వెళ్లి గోడకు కొట్టుకుంటోంది. ధడ్. కాసేపటికి మళ్లీ ధడ్. మళ్లీ ధడ్. లెక్క పెట్టినట్టు ఒకే తాళంలో. వాళ్లలో స్కాటీ అనే కుర్రాడు మెల్లగా మెట్లెక్కి, తాళంచెవి కోసం ద్వారబంధం పైన చెయ్యి పెట్టి తడుముతాడు. చెవి చేతికి తగిలిన క్షణానే ఉయ్యాల టక్కున ఆగిపోతుంది.

అంతే సీను. రక్తం లేదు, కేక లేదు, మేకప్ లేదు. ఒక శబ్దం ఆగింది. ఈ ఇంట్లో ఏదో ఉంది, అది వీళ్లను గమనించింది అని ప్రేక్షకుడికి వెన్నులో తెలిసిపోయింది. ఎడిటింగ్ నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు నేను మొదట చూపించే సీన్ ఇదే. ఒకసారి సౌండ్ మూసేసి చూపిస్తాను, ఒకసారి సౌండ్‌తో చూపిస్తాను. మూసినప్పుడు అది ఇంటి తాళం తీస్తున్న కుర్రాడి షాట్, తెరిచినప్పుడు ఊపిరి బిగపట్టే సీను.

ఇంకోటి ఉంది. రైమీ చేసిన ప్రతి పనికీ ఒక అవసరం ఉంది. షూటింగ్ మొదలైన 1979 చివరికి అతనికి 20 ఏళ్లు. అంతకు ముందు ఏడాది స్నేహితులతో కలిసి ‘వితిన్ ద వుడ్స్’ అనే అరగంట సినిమా తీసి, దాన్ని ఊళ్లో డబ్బున్నవాళ్లకు చూపించి పెట్టుబడి పోగేశారు. రాబ్ టాపర్ట్ నిర్మాత, బ్రూస్ క్యాంప్‌బెల్ హీరో, ముగ్గురూ కుర్రాళ్లే. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ దగ్గర పాడుబడ్డ కాటేజీలో, చలికాలంలో, 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. నడుస్తూ తీసినా కెమెరా కుదుపు తెలియనివ్వని స్టెడీకామ్ పెట్టుకునే స్తోమత లేదు. అడవిలో తిరుగుతున్న ఆ శక్తి ఎలా ఉంటుందో చూపించడానికీ దారి లేదు. అందుకని ఒక పొడుగాటి చెక్కకు నడుమ కెమెరా బిగించి, రెండు చివరలూ ఇద్దరు పట్టుకుని పొదల్లోంచి పరుగు తీశారు. లెన్స్ వైడ్ కాబట్టి కుదుపు అంతగా తెలియదు. కెమెరా నేలకు దగ్గరగా ఉంది కాబట్టి వేగం రెట్టింపు అనిపిస్తుంది. దయ్యాన్ని చూపించలేక దాని చూపునే మనకు ఇచ్చారు. 1992లో రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ థియేటర్లో చూసినవాళ్లకు ఇలా కెమెరాయే మన మీదకి వస్తుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సినిమాను 1981 అక్టోబరులో డెట్రాయిట్‌లో మొదటిసారి వేశారు. మరుసటి ఏడాది కాన్ చిత్రోత్సవంలో హారర్ నవలల రచయిత స్టీఫెన్ కింగ్ చూసి మెచ్చుకుంటూ రాశాకే ప్రపంచం అటు తిరిగింది. ఆ తర్వాత అడవిలో ఇల్లు అన్నది ఎవరైనా తెచ్చుకోగలిగే సామాను అయిపోయింది. సామాను అందరికీ దొరికింది. ఆ ఉయ్యాల ఎందుకు ఆగిందన్న ఆలోచన అందరికీ దొరకలేదు.

ఇక ‘విట్ట్రా’ సంగతి. ఇడా, ఆల్బిన్ అనే జంట, వాళ్ల స్నేహితులు కలిసి స్వీడన్ అడవిలో ఎవరూ ఉండని పాత ఇంటికి సరదాగా గడుపుదామని వెళ్తారు. మారీ అనే అమ్మాయి నేలమాళిగలోకి దిగుతుంది. అక్కడ ఉన్నదాన్ని చూస్తుంది. పైకి వచ్చాక ఆమె ఆమెలా ఉండదు. అక్కణ్ణుంచి అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ‘ఈవిల్ డెడ్’లో మొదట దయ్యం పట్టే చెరిల్‌కు జరిగింది ఇక్కడ మారీకి జరుగుతుంది. మంత్రాల పుస్తకమూ, ప్రొఫెసర్ గొంతు రికార్డు చేసిన టేపూ మాత్రం లేవు. వాటి స్థానంలో నేల కింద ఉండే విట్ట్రా అనే జీవం ఉంది.

పనితనం విషయంలో వంక పెట్టలేను. చిన్న బడ్జెట్‌లో, కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద ఆధారపడకుండా, చేత్తో చేసిన మేకప్, చేత్తో చేసిన రక్తం. గాయం దగ్గర కట్ పడే చోటు చూడండి. చేతకాని దర్శకుడైతే గాయం సరిగా కుదరలేదని అర సెకను ముందే కట్ చేస్తాడు. వీళ్లు నిలబెట్టారు. తమ మేకప్ మీద నమ్మకం ఉంటే తప్ప ఎవరూ అలా నిలబెట్టరు. ఎడిటర్‌గా ఆ ధైర్యం నాకు నచ్చింది.

నచ్చనిది ఆ ఇల్లు. చూడటానికి బాగుంది, వెలిసిపోయిన గోడలు, చెక్క నేల, బయట బూడిద రంగు వెలుతురు. రైమీ కాటేజీలా అది మనల్ని గమనించదు. అక్కడ నేలమాళిగ ఒక పాత్ర. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, గొలుసు వేస్తారు, ఆ సందులోంచి చెరిల్ కళ్లు సినిమా సగం సేపు పైకి చూస్తూనే ఉంటాయి. ఇక్కడ నేలమాళిగ జబ్బు అంటుకున్న చోటు, అంతే. అంటుకున్నాక ఇక ఆ ఇంటితో పెద్ద అవసరం లేదు. అదే కథ ఏ అపార్ట్‌మెంట్‌లో జరిగినా జరుగుతుంది.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. ఎందుకంటే విట్ట్రా అనేది ఉత్తి పేరు కాదు.

స్వీడన్ ఉత్తర భాగాన్ని నోర్‌లాండ్ అంటారు. అక్కడి జానపద కథల్లో విట్ట్రా అంటే నేల కింద కాపురముండే జనం. మనకు కనిపించరు గానీ మనలాగే ఉంటారు, మనలాగే కుటుంబాలు, ఆవులు, పనిపాటలు. వాళ్ల పశువులు బాగా పాలిస్తాయట. దారిన పోయేవాడు అలాంటి ఆవును చూసి, దాని మీదుగా కత్తి లాంటి ఉక్కు వస్తువు విసిరితే ఆ ఆవు అతనిదైపోతుందని నమ్మకం. అక్కడ వేసవిలో పశువుల్ని ఊరికి దూరంగా అడవిలోని మేత భూములకు తోలుకెళ్లేవారు. అక్కడి గుడిసెల్ని ఫేబూడ్ అంటారు. ఆడవాళ్లు నెలల తరబడి పశువులతో ఒంటరిగా అక్కడే ఉండి పాలు పితికి, వెన్న తీసి, జున్ను చేసేవారు. శరత్కాలంలో వాళ్లు ఊరికి దిగిపోగానే ఆ గుడిసెల్లోకి విట్ట్రా జనం దిగుతారని చెప్పుకునేవారు. అంటే ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మనం లేనప్పుడు అది వాళ్లది.

ఈ ఒక్క వాక్యం చాలు కదండీ ఒక సినిమాకు! ఎవరూ ఉండరనుకుని కుర్రకారు ఒక ఇంటికి వస్తారు, అది వాళ్లు రాకూడని కాలం.

ఇంకా ఉంది. విట్ట్రాలకు తమ దారులుంటాయి. ఆ దారికి అడ్డంగా ఇల్లు కట్టావంటే ఆ ఇంట్లో మనశ్శాంతి ఉండదు. రాత్రుళ్లు చప్పుళ్లు, పశువులకు రోగాలు, పనులు కలిసిరాకపోవడం. చివరికి ఇంటిని కొంచెం పక్కకు జరిపి కట్టుకుంటే తప్ప అది ఆగదు. వేడినీళ్లు నేల మీద పారబోసేముందు కింద ఉన్నవాళ్లు తప్పుకోండి అని హెచ్చరించాలి, లేకపోతే వాళ్ల పిల్లల మీద పడుతుంది, పగబడతారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ వేడి గంజి వార్చాక తిన్నగా నేల మీద పోయనిచ్చేది కాదు. చల్లారాక పొయ్యి, భూదేవి ఒళ్లు కాలుద్ది అనేది. పొయ్యి పక్కన మూత పెట్టిన సత్తు గిన్నె, దాని అంచు మీద ఎండిపోయిన గంజి పొర ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నోర్‌లాండ్ ముసలమ్మకూ మా అమ్మమ్మకూ నడుమ వేల మైళ్లు. నేల కింద ఎవరో ఉన్నారు, జాగ్రత్తగా మసలుకో అన్న భయమూ మర్యాదా మాత్రం ఒకటే. అలాంటి భయం తెర మీదకి వస్తే స్వీడన్‌లో ఉన్నవాడికీ ఒళ్లు జలదరిస్తుంది, సిరిసిల్లలో ఉన్నవాడికీ జలదరిస్తుంది.

సినిమాలో ఇందులో ఎంత ఉంది? పేరు ఉంది, నేల కింద ఉంటుందన్న మాట ఉంది. దారి లేదు, ఆవు లేదు, కాలం లేదు, మర్యాద తప్పడం అన్నది లేదు. మారీ ఏ తప్పూ చేయలేదు. ఉత్తినే కిందికి దిగింది, దొరికిపోయింది. రైమీ సినిమాలో అయితే టేపు పెట్టడం అనే ఒక పని ఉంది. ఆ మాటలు గాలిలోకి వదలడం వల్లే అది మేల్కొంది. ‘విట్ట్రా’ వాళ్లు టేపును తీసేశారు గానీ, దాని స్థానంలో తమ కథల్లోంచి ఒక తప్పును తెచ్చి పెట్టుకోలేదు. ఎవరో ఒకరు కాఫీ కెటిల్లో మిగిలిన మరుగు నీళ్లు మెట్ల పక్కన ఒంపేసినా సరిపోయేది. నాకైతే ఆ సీను కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పొగలు కక్కుతున్న నేల, ఒక్క క్షణం నిశ్శబ్దం.

అంతా తిట్టి ఊరుకుంటే అన్యాయం. ఆ సినిమాలో పూర్తిగా వాళ్లదైన మనిషి ఒకడున్నాడు. తుపాకి పట్టుకుని తిరిగే గున్నార్ అనే పెద్దాయన. ఈ పీడ వల్ల తన ఇంటివాళ్లను పోగొట్టుకున్నవాడు. ఆ పాత్ర వేసిన యోహన్నెస్ బ్రోస్ట్ స్వీడన్‌లో టీవీ సీరియల్ ద్వారా ఇంటింటికీ తెలిసిన నటుడు. ‘అవలోన్’ అనే సినిమాకు అక్కడి జాతీయ సినిమా అవార్డు గుల్డ్‌బాగె కూడా ఉత్తమ నటుడిగా అందుకున్నాడు. 2018లో పోయాడు. ‘ఈవిల్ డెడ్’లో ఇలాంటి మనిషి లేడు, అక్కడ అందరూ ఆ రాత్రి మొదటిసారి దీన్ని చూస్తున్నవాళ్లే. గున్నార్‌కు తెలుసు. ఏం చేయాలో తెలుసు, అది చేశాక మనిషి ఏమవుతాడో కూడా తెలుసు. బ్రోస్ట్ మొహంలో ఆ అలసట చూడండి. మిగతా వాళ్లంతా అరుస్తుంటే ఆయన కేకలకు అలవాటుపడిపోయిన మనిషిలా ఉంటాడు. సినిమా మొత్తం ఆయన వైపు నుంచి చెప్పి ఉంటే మనం ఈ కాపీ చర్చే చేసుకునేవాళ్లం కాదు.

ఇంకో మంచి గుణం, ‘విట్ట్రా’ ఎక్కడా వెకిలిగా నవ్వించదు. ‘ఈవిల్ డెడ్’ మొదటి భాగంలో హీరో ఆష్ తన ప్రియురాలు లిండాను రంపంతో కోయాల్సి వచ్చినప్పుడు, మెడలో తాను ఇచ్చిన గొలుసు చూసి కోయలేక, ఎత్తుకెళ్లి పాతిపెడతాడు. ఆ సినిమాలో నాకు అన్నింటికన్నా నచ్చిన క్షణం అది. ‘విట్ట్రా’ దర్శకులు ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని సినిమా అంతా పరిచారు. ప్రతి ఒక్కరూ తటపటాయిస్తారు, ఏడుస్తారు, చంపలేక చస్తారు. తీసుకున్నవాటిలో సరిగ్గా తీసుకున్నది ఇదే.

ఈ అప్పుల సంగతి మీరు ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. స్వీడన్‌లో మధ్యయుగాల నాటి పాట ఒకటుంది, తోరె అనే అతని కూతుళ్ల కథ. దాన్నుంచి ఇంగ్‌మార్ బెర్గ్‌మన్ 1960లో ‘వర్జిన్ స్ప్రింగ్’ తీశాడు, ఆస్కార్ వచ్చింది. ఆ కథనే అమెరికాలో వెస్ క్రేవెన్ 1972లో ‘లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్’గా మార్చాడు, ఎంత మార్చాడంటే చాలామందికి మూలం తెలియనే తెలియదు. క్రేవెన్ ఆ తర్వాత తీసిన ‘హిల్స్ హావ్ ఐస్’ పోస్టరు, చిరిగిపోయినది, ‘ఈవిల్ డెడ్’ నేలమాళిగ గోడకు అంటించి ఉంటుంది. ఈసారి చూసినప్పుడు ఆపి చూడండి. దానికి బదులుగా క్రేవెన్ 1984లో ‘నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో టీవీ తెర మీద ‘ఈవిల్ డెడ్’ నడిపించాడు. రైమీ ఊరుకున్నాడా, 1987 నాటి రెండో భాగంలో ఆ ‘నైట్‌మేర్’ సినిమా విలన్ ఫ్రెడ్డీ గోళ్ల గ్లవ్ తెచ్చి వేలాడదీశాడు. ఇలా చేతులు మారుతూ మారుతూ 2012కి మళ్లీ స్వీడన్ అడవికే చేరింది. ఇచ్చిందీ స్వీడనే, పుచ్చుకున్నదీ స్వీడనే. ఈ వరసలో ఎవరినీ దొంగ అనబుద్ధి కాదు నాకు. తేడా ఎక్కడుందంటే, క్రేవెన్ బెర్గ్‌మన్ కథలోని మంటను తన దేశానికి తెచ్చుకున్నాడు, కొయ్య ఇంటిని అక్కడే వదిలేశాడు. ‘విట్ట్రా’ వాళ్లు ఇంటిని తెచ్చుకున్నారు.

అలా ఎందుకు జరిగింది అంటే నాకు తోచేది ఒకటుంది. దయ్యాల సినిమాకు తొలినాళ్లలో పెద్ద దిక్కు స్వీడనే. 1921లో విక్టర్ షోస్ట్రోమ్ ‘ఫాంటమ్ క్యారేజ్’, మరుసటి ఏడాది స్వీడన్ డబ్బుతో డెన్మార్క్ దర్శకుడు క్రిస్టెన్‌సన్ తీసిన ‘హెక్సన్’ ఇప్పటికీ పాఠాలే. అయితే సినిమాలకు సర్కారీ సెన్సార్‌ను 1911లోనే పెట్టిన దేశం కూడా అదే. 1980 డిసెంబరులో అక్కడి టీవీలో వీడియో క్యాసెట్ల హింస మీద ఒక కార్యక్రమం వస్తే దేశమంతా గగ్గోలెత్తింది. పెద్దల సినిమాలకు ఆ సెన్సార్ కత్తెర పూర్తిగా పోయింది 2011లో. 1995లో వచ్చిన ‘ఈవిల్ ఎడ్’ చూశారా? హింస సన్నివేశాలు కత్తిరించే పని నెత్తిన పడి, అవి చూసి చూసి పిచ్చెక్కిన ఎడిటర్ కథ. నా వృత్తి వాడు కాబట్టి నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆ పేరులోనే అప్పు ఎవరిదో చెప్పేశారు. అంటే అక్కడ రక్తపాతం సినిమాలు తీయాలనుకున్న కుర్రాళ్లకు ఇంట్లో గురువులు లేరు, అమెరికా క్యాసెట్లే గురువులు. గురువు చేతిరాతే వచ్చింది. ‘విట్ట్రా’ దర్శకులు ఆ తర్వాత 2018లో అమెరికాలోనే ‘పప్పెట్ మాస్టర్’ వరసలో ఒక సినిమా తీశారు, చేయి తిరిగినవాళ్లే.

పోలిక కోసం ఇంకొకటి చూడండి. ‘విట్ట్రా’ వచ్చిన మరుసటి ఏడాది, 2013లో, రైమీ వాళ్లే నిర్మాతలుగా ఫెడె అల్వారెజ్ ‘ఈవిల్ డెడ్’ను మళ్లీ తీశాడు. హక్కులున్నాయి కాబట్టి ఎంతైనా ఎత్తుకోవచ్చు. అయినా అతను ఒక కొత్త కారణం పెట్టాడు. మియా అనే అమ్మాయి మత్తుమందు మానడం కోసం స్నేహితులు ఆమెను కాటేజీకి తెస్తారు. ఇక్కడ ఏదో ఉంది, నన్ను తీసుకెళ్లిపోండి అని ఆమె ఎంత ఏడ్చినా, అది మందు మానినప్పుడు వచ్చే యాతన అనుకుంటారు. ఆ భయంకరమైన ఇంట్లోంచి వీళ్లు పారిపోరేం అని అడగడానికి మనకు నోరు రాదు. ఒక్క మార్పుతో పాత ఇల్లు కొత్తదైంది.

ఇప్పుడు మీ షార్ట్ ఫిల్మ్. ముందు నాకు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న హారర్ సినిమాకు పనిచేశాను. దర్శకుడు ఒక విదేశీ సినిమా డీవీడీ తెచ్చి, అందులో ఒక సీను చూపించి, నాకు కట్ టు కట్ ఇలాగే కావాలి అన్నాడు. హీరోయిన్ మంచం మీద పడుకుని ఉంటుంది, మెల్లగా తలెత్తి పైకప్పు వైపు చూస్తుంది, ఆరు సెకన్లు ఏమీ జరగదు, అప్పుడు కట్. షాట్లు అలాగే తీశారు, నేనూ ఫ్రేములు లెక్కపెట్టి అలాగే అతికాను. ఆర్ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, గట్టిగా వాయించారు. మొదటి ఆటకు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ఆ సీను వచ్చినప్పుడు హాల్లో ఒక్కరు కూడా కదలలేదు, ముందు వరసలో ఒకతను తీరిగ్గా సమోసా తింటున్నాడు. ఇంటికొచ్చి ఆ డీవీడీ మొదటి నుంచి చూశాను. అందులో ఆ సీనుకు పావుగంట ముందు పైకప్పు నుంచి ఒక చుక్క ఆ అమ్మాయి చెంప మీద పడుతుంది, ఆమె తుడిచేసుకుంటుంది. ఆరు సెకన్ల భయం ఆ చుక్కలో ఉంది. మేము ఆరు సెకన్లు తెచ్చుకున్నాం, చుక్కను అక్కడే వదిలేశాం. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది, మొదటే మొత్తం సినిమా చూసి ఉండాల్సింది.

కాబట్టి జనం కాపీ అంటారేమోనన్న దిగులు కాసేపు పక్కన పెట్టండి. మీ స్క్రిప్టు తీసుకుని, ప్రతి సీను పక్కన పెన్సిలుతో ఇది ఏ సినిమాలోంచి వచ్చిందో నిజాయితీగా రాసుకోండి. దాని కింద, ఆ సినిమాలో దానికి ముందు ఏం జరిగింది కాబట్టి అది పనిచేసిందో రాయండి. ఆ రెండో గీత ఖాళీగా మిగిలిన సీన్లే మీకు ప్రమాదం. బడ్జెట్ లేదని బాధపడకండి, ఉయ్యాల ఆగడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆ సెల్లార్ గురించి మాత్రం ఒక మాట. అరకు దగ్గర గెస్ట్ హౌస్ మాట్లాడుకున్నాం, సెల్లార్ సెట్ వేద్దామనుకుంటున్నాం అన్నారు. మన పల్లె ఇళ్లలో సెల్లార్లు ఎక్కడున్నాయి? చూసేవాడికి ఆ మెట్లు కనపడగానే అమెరికా సినిమా గుర్తొస్తుంది, మీ కథలోంచి బయటికి వెళ్లిపోతాడు. మనకు పాతర ఉండేది. పెరట్లోనో వాకిట్లోనో నేలలో లోతుగా తవ్వి, గడ్డి పరిచి, జొన్నలో వడ్లో నింపి, పైన మట్టితో మూసేసేవారు. నోరు ఇరుకు, లోపల వెడల్పు. నెలల తర్వాత తీసినప్పుడు లోపల గాలి చెడిపోయి ఉండేది. తొందరపడి దిగినవాళ్లు స్పృహ తప్పి అందులోనే పోయిన సంగతులు మీ తాతల్ని అడిగితే చెప్తారు. అందుకే ముందు తాడు కట్టి దీపం దించి చూసేవారు. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగేవాడు. ఆరిపోతే మూత తీసి వదిలేసి, ఇంకో పూట ఆగేవారు.

మీ మొదటి సీను అక్కణ్ణుంచి రాసి చూడండి. తెల్లవారుజాము, నలుగురు పాతర చుట్టూ వంగి ఉన్నారు. దీపం కిందికి వెళ్తోంది. అడుగుకు చేరింది, ఆరలేదు, నిలకడగా వెలుగుతోంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు తాడు పట్టుకున్నవాడి చేతిలో తాడు కిందికి ఒక్క లాగు లాగింది.